తల్లికి తోటితల్లి తోడు



నేడు నేను మాటలాడబూనిన విషయము బాలింతలను గూర్చినది. ఇది స్త్రీల విషయము గదా, మాకేల యని గ్రామపెద్దలు లేచిపోవలదని ప్రార్థన. నిజమునకు ఈ ప్రసంగము వారిని ఉద్దేశించినదే. ఏలయన, చంటిబిడ్డ తల్లియైన కోడలు గడప దాటి పొరుగింటి తల్లికడ గడియసేపు కూర్చుండవలెనన్నను, ఆ తల్లి ఈ యింటికి రావలెనన్నను, అవుననువారును కాదనువారును ఇంటి పెద్దలే. తాళపుచెవి ఎవరిచేత నున్నదో వారితోనే మాటలాడుట న్యాయము.

బిడ్డను కన్న తల్లికి మూడు కావలెను. మొదటిది ఆహారము, రెండవది వైద్యము, మూడవది తోడు. మొదటి రెండును ఎంత ముఖ్యములో మనకు తెలియును. ఉన్నవారు లేనివారు అను భేదము లేక బాలింతకు ఇంత పథ్యము పెట్టవలెననియు, కష్టము వచ్చిన ఆసుపత్రికి తీసికొనిపోవలెననియు అందరు ఒప్పుకొందురు. మూడవదానిని గూర్చి మాత్రము మనము ఆలోచించుట తక్కువ. ఇంట పదిమంది యుండగా తోడునకేమి కొదువ యని తోచును. కాని నేను చెప్పదలచిన తోడు వేరు. ఇంచుమించు అదే కాలమున బిడ్డను కని, అదే నిద్రలేమిని, అదే భయమును, అదే సంతోషమును అనుభవించుచున్న మరియొక తల్లి తోడు అది. ఆ తోడు మందువలె పనిచేయుననియు, దానిని సమకూర్చుట గ్రామము చేయదగిన పనియనియు నా మనవి.

మన ఆచారములను ఒక్కసారి తలచుకొందము. తొలికాన్పునకు ఆడపిల్లను పుట్టింటికి తీసికొనివచ్చుట చిరకాలముగా మనకు వాడుక. తల్లి కూతునకు పురుడు పోయును. పథ్యము పెట్టి, కాయము తినిపించి, బిడ్డకు నలుగుపెట్టి నీళ్లుపోసి, సాంబ్రాణి పొగ వేసి, తొట్టెలో వేసి పేరుపెట్టి, మూడవనెలనో అయిదవనెలనో చీరెసారెలతో అత్తవారింటికి పంపును. ఈ ఆచారమున గొప్ప వివేకము కలదు. ప్రసవించిన పిల్ల తన తల్లికడ చనువుగా ఏడ్వవచ్చును, నిద్రింపవచ్చును, ఆకలి యని అడుగవచ్చును.

కాని ఆ నెలలు గడచిన తరువాత ఏమగును? బిడ్డను ఎత్తుకొని ఆ పిల్ల అత్తవారి యూరు చేరును. ఆ యూరిలో ఆమె అంతకు ముందు ఏడాదియో రెండేండ్లో మాత్రమే కాపురమున్నది. చిన్ననాడు తనతో అచ్చనగండ్లు ఆడిన చెలికత్తెలు పెండ్లిండ్లై తలయొక దిక్కునకు పోయిరి. మగవానికి తాను పుట్టిన యూరిలోనే బాల్యస్నేహితులు ముసలితనము వరకు నిలుతురు. ఆడుదానికి వివాహముతోనే స్నేహము తెగిపోవును. భర్త పొలమునకో ఉద్యోగమునకో పోవును. అత్తగారికి తన పనులు తనకుండును. అందరును ఆమెను ఆదరింపవచ్చును, కడుపునిండ అన్నము పెట్టవచ్చును. అయినను, "నాకు భయముగా నున్నది, ఈ బిడ్డను సరిగా పెంచగలనో లేదో" అని జంకులేక చెప్పుకొనుటకు ఆమెకు ఒక మనిషి యుండదు. పుట్టింటి తోడు ముగిసిన చోటనే ఒంటరితనము మొదలగుచున్నది.

పూర్వము ఈ లోటు కొంత తీరుటకు తావులుండెడివి. నీళ్లబావికడ కడవలు నింపుకొనుచు మాటలాడుకొనెడివారు. వడ్లు దంచుచోట, చెరువురేవున, శ్రావణమాసపు పేరంటములయందు చంటిబిడ్డల తల్లులు ఒకరినొకరు కలిసికొనెడివారు. ఆ పనులలో కొన్ని మిక్కిలి కష్టమైనవి. అవి పోవుట మేలే. కుళాయి ఇంటికి వచ్చినందులకును, బియ్యము మరలో ఆడుచున్నందులకును ఏ తల్లియు దుఃఖింపదు. కాని ఆ కష్టముతోపాటు ఆ కలయికయు పోయినది. బావి పోయిన పోవుగాక. బావిగట్టు మాత్రము ఉండవలెను.

పట్టణములకు పోయిన మన బిడ్డల స్థితి ఇంతకంటె కఠినము. హైదరాబాదులోనో బెంగుళూరులోనో, సముద్రములు దాటి అమెరికాలోనో మూడుగదుల యింట చంటిబిడ్డతో పగలంతయు ఒక్కతెయే గడుపు తెలుగు తల్లులెందరో కలరు. కూతురి కాన్పునకని విమానమెక్కి పోయి, కొన్ని నెలలుండి, తిరిగి వచ్చునప్పుడు ఆమెను ఎవరికి అప్పగింతునా యని కన్నీరు పెట్టుకొన్న తల్లులు మీ గ్రామములలోనే యుందురు.

ఈ ఒంటరితనమువలన వచ్చు కీడేమి? ప్రసవమైన మూడవ నాలుగవ దినమున కారణము లేక కన్నీరు వచ్చుట, విసుగు పుట్టుట చాలమందికి కలుగును. రెండువారములలో అది తనంతట తగ్గును. అట్లు తగ్గక వారములు నెలలు నిలిచినచో అది వ్యాధి. మన దేశమున అంతకు ముందు జరిగిన 38 పరిశోధనలను, ఇంచుమించు 20,000 మంది తల్లుల వివరములను కూడగట్టి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పత్రికలో ఒక లెక్క ప్రకటించిరి. నూటికి సుమారు 22 మంది బాలింతలకు ఇట్టి మనోవ్యాధి కానవచ్చినదని ఆ లెక్క. అనగా అయిదుగురిలో ఒకతె. మీ వీధిలో అయిదుగురు బాలింతలున్నచో వారిలో ఒకతె మౌనముగా కుమిలిపోవుచుండవచ్చును.

ఆమె ఆకలి లేదనును. బిడ్డ నిద్రించినను తాను నిద్రింపదు. దేనియందును ఇచ్ఛ యుండదు. బిడ్డను ఎత్తుకొన్నను మొగమున వికాసము కానరాదు. తాను పనికిరాని తల్లినని లోలోపల అనుకొనుచుండును. దీనికి మనము గాలి యనియు, దిష్టి యనియు, కొన్ని యిండ్లలో పొగరనియు, సోమరితనమనియు పేరు పెట్టుదుము. పేరు తప్పినచో చికిత్సయు తప్పును. పాపము, ఆ పిల్ల తన వ్యాధితోపాటు ఆ నిందను కూడ మోయుచున్నది.

ఇంటిలో అనుభవశాలినులైన పెద్ద ముత్తైదువలు ఉండగా తోటితల్లితో ప్రయోజనమేమి యని అడుగవచ్చును. పెద్దల అనుభవము బంగారము. అందులకు సందేహము లేదు. కాని రచ్చబండమీద కూర్చుండు పెద్దలను నేను ఒక్కమాట అడుగుదును. ఇంటిలో కొడుకులు, మనుమలు, అందరు నుండగా సాయంకాలమగుసరికి మీ కాళ్లు రచ్చబండవైపునకు ఏల సాగుచున్నవి? అచ్చట మీ యీడువారున్నారు. మోకాళ్లనొప్పి యన్నను, పంట తెగులన్నను, వారికి వెంటనే బోధపడును, వివరింప నక్కరలేదు. కొడుకుతో చెప్పినచో ఆసుపత్రికి పోదము రమ్మనును; ఈడువానితో చెప్పినచో, "నాకును అంతే" యనును. ఆ "నాకును అంతే" యను మాటలో ఎంత ఊరట కలదో మీకు తెలియును. బాలింతకు కావలసినదియు ఆ మాటయే.

"మావాడు తెల్లవార్లు ఏడ్చును, నాలో ఏదో లోపమున్నదేమో వదినా" యని ఒకతె యనును. "మాదియు అంతే, మూడవనెల వచ్చినపిదప కొంచెము తగ్గినది. నీ లోపమేమియు లేదు" అని రెండవయామె చెప్పును. ఇదే మాట అత్తగారు చెప్పినను, డాక్టరు చెప్పినను ఇంత నెమ్మది కలుగదు. అత్తగారికి ముప్పది యేండ్లనాటి సంగతి. కాలము ఆ రాత్రుల కష్టమును మరపించినది. డాక్టరునకు తీరిక తక్కువ. తోటితల్లికో, అది నిన్నటి రాత్రి సంగతి.

మరియొక లాభము కలదు. బిడ్డల పెంపకమున కొన్ని పద్ధతులు మారినవి. ముర్రుపాలు పిండి పారబోయుట, పుట్టగానే తేనెయో చక్కెరనీళ్లో నాలుకకు రాచుట పూర్వము పెక్కిండ్లలో వాడుక. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టవలెననియు, ఆరునెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీళ్లైనను పోయనక్కరలేదనియు నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఇంట ఒకమాట, ఆసుపత్రిలో ఒకమాట విన్న కోడలు నడుమ నలిగిపోవును. ఎదురింటి తల్లి అట్లే చేసి, ఆమె బిడ్డ కండపట్టి ఆడుకొనుచుండుట కంటికి కనబడినప్పుడు, అత్తగారికిని నమ్మకము కలుగును, కోడలికిని ధైర్యము కలుగును. వాదమువలన కాని పని ఒక బిడ్డ నవ్వువలన అగును.

ఇది కేవలము నా యూహ కాదు. కొలిచి చూచినవారు కలరు. నేపాళదేశమున మక్వాన్‌పూర్ అను కొండజిల్లాలో 2001 నుండి 2003 వరకు ఒక పరిశోధన జరిగెను. ఇరువదినాలుగు ప్రాంతములను ఎన్నుకొని జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానియందు స్త్రీల కూటములను నెలకొల్పిరి, రెండవదానియందు నెలకొల్పలేదు. వైద్యసదుపాయములను రెండు పక్షములందును మెరుగుపరచిరి. నెలకొకమారు కూడిన ఆ స్త్రీలు తమలో తాము చందాలు వేసికొని ప్రసవ సమయమునకు నిధి కూర్చుకొనిరి. కొండదారిలో బాలింతను మోసికొనిపోవుటకు డోలీలవంటివి సమకూర్చుకొనిరి. ఒకరి యింటికొకరు పోయి బిడ్డలను చూచివచ్చిరి. ఫలమేమన, కూటములు లేనిచోట పుట్టిన వేయిమంది బిడ్డలలో 37 మంది నెలలోపల మరణింపగా, కూటములున్నచోట 26 మంది మాత్రమే మరణించిరి. 2004లో ఈ ఫలితము వెలువడినప్పుడు వైద్యలోకము ఆశ్చర్యపడెను.

నేపాళము దూరమందురేని, మన పొరుగున జరిగిన సంగతి వినుడు. ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలోను, ఝార్ఖండ్‌లోని పశ్చిమ సింహభూమి, సరాయికెలా-ఖర్సావాఁ జిల్లాలలోను 2005 నుండి 2008 వరకు ఏక్‌జుట్ అను సంస్థవారు ఇట్టి పరిశోధననే నడపిరి. ఆ జిల్లాలలో గిరిజనులు మెండు, పేదరికము మెండు. 244 కూటములు పనిచేసినవి. కూటమును నడపినది డాక్టరు కాదు, నర్సు కాదు. ఆ ప్రాంతపు స్త్రీయే. ఆమె ఉపన్యాసము చేయలేదు. బొమ్మల చీట్లు చూపి, కథలు చెప్పి, ఆటలాడించి, "మన యూరి బాలింతలకును పసికందులకును వచ్చు కష్టములేవి?" అని అడిగినది. చెప్పినవానిలో ముఖ్యమైనవేవో ఆ స్త్రీలే తేల్చుకొనిరి. ఉపాయము వారే యోచించుకొనిరి. చేసినపిదప ఫలమెట్లున్నదో వారే సరిచూచుకొనిరి.

మొదటి యేట రెండు పక్షములకును భేదము కానరాలేదు. కూటములున్నచోట వేయికి ఇంచుమించు 56 మంది పసికందులు నెలలోపల మరణించిరి. లేనిచోట 53 మంది. మూడవ యేటికి కూటములున్నచోట ఆ సంఖ్య 36కు దిగెను. లేనిచోట 64కు పెరిగెను. ప్రసవము చేయువారు చేతులు కడుగుకొనుట, బొడ్డుకోసి కట్టు దారమును నీళ్లలో కాచుట, బిడ్డకు తల్లిపాలే పట్టుట మొదలైన మంచి యలవాట్లు కూటములున్న యూళ్లలో హెచ్చినవి. అంతకంటె మన విషయమునకు ముఖ్యమైనది మరియొకటి: మూడవ యేట ఆ యూళ్ల తల్లులలో మధ్యస్థమైన మనోవ్యాధి సగమునకు పైగా, నూటికి 57 వంతులు, తక్కువగా కనబడెను. దానికి ప్రత్యేకముగా మందు ఇచ్చినవారు లేరు. కష్టము చెప్పుకొనుటకు నలుగురు దొరకుటయు, నలుగురు కలిసి దారి వెదకుటయు దీనికి కారణమై యుండునని పరిశోధకులు తలచిరి.

సత్యము చెప్పునప్పుడు రెండవ వైపు కూడ చెప్పవలెను. బంగ్లాదేశమున ఇదేరీతి కూటములు పెట్టినప్పుడు మొదట ఫలము కలుగలేదు. కారణము వెదకగా, ఝార్ఖండ్ ప్రాంతమున సుమారు 470 మంది జనమునకు ఒక కూటముండగా, బంగ్లాదేశమున 1,400 మందికి ఒకటి మాత్రమే యుండెను. పిదప సుమారు 300 మందికి ఒకటి వంతున పెంచగానే అచ్చటను పసికందుల మరణములు మూడవవంతునకు పైగా తగ్గినవి. నాలుగు దేశములలో జరిగిన ఏడు పరిశోధనలను 2013లో కలిపి చూచినప్పుడును ఇదియే తేలెను: గర్భిణులలో నూటికి 30 మందియైనను కూటమునకు వచ్చినచోట పసికందుల మరణములు మూడవవంతు తగ్గినవి. మరుసటియేట ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఇట్టి కూటములను పల్లెలలో నెలకొల్పుడని సిఫారసు చేసిరి. దీనివలన మనము నేర్వవలసినదేమనగా, కూటము పేరునకు ఉన్న చాలదు. నడచిపోగల దూరములో నుండవలెను, అవసరమున్న తల్లి దానికి రాగలుగవలెను. రానిచ్చువారెవరో మొదటనే మనవి చేసితిని.

ఒకచోట కూడుటకు వీలులేనివారికి మాట సాయమైనను చాలును. కెనడాదేశమున 701 మంది బాలింతలతో ఒక పరిశోధన జరిగెను. 2009లో దాని ఫలితము ప్రకటించిరి. మనోవ్యాధి వచ్చు సూచనలు కలవారినే ఎన్నుకొనిరి. వారిలో సగముమందికి, అట్టి వ్యాధిని అనుభవించి కోలుకొన్న తల్లులచేత టెలిఫోనులో మాటలాడించిరి. ఆ తల్లులకు ఇచ్చిన శిక్షణ నాలుగు గంటలు మాత్రమే. పండ్రెండు వారములకు, తోడు లేనివారిలో నూటికి 25 మందికి వ్యాధి లక్షణములు కనబడగా, తోడున్నవారిలో 14 మందికే కనబడినవి. మన యిండ్లలో నేడు సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. పట్టణముననున్న కోడలికి ఊరినుండి ఒక తోటితల్లి వారమునకు రెండుమార్లు పలుకరించినచో, అదియు ఒక బావిగట్టే.

స్త్రీలు కూడినచో చాడీలు చెప్పుకొందురని కొందరు పెద్దల భయము. రచ్చబండమీద పురుషులు చెప్పుకొనునవన్నియు భారత రామాయణములేయని వారు ప్రమాణము చేయగలరా? పరిహాసమునకన్నాను. మన తెలుగు దేశమున స్త్రీలు కూడుకొన్నప్పుడు ఏమి జరిగినదో మన చరిత్రయే చెప్పుచున్నది. 1874లో జన్మించిన భండారు అచ్చమాంబగారు తన బిడ్డలిద్దరిని పోగొట్టుకొనిరి. ఆ దుఃఖముతో తలుపు మూసికొని కూర్చుండక, అనాథలైన పిల్లలను చేరదీసిరి. స్త్రీల చరిత్రములు రచించిరి. 1902లో మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజము నెలకొనుటకు పాటుపడి, ఊరూర తిరిగి స్త్రీలు సమాజములుగా కూడవలెనని ప్రబోధించిరి. 1905లో చిన్నవయస్సుననే స్వర్గస్థులైరి. బిడ్డలను కోల్పోయిన తల్లి ఇతర స్త్రీలను ఒకచోట చేర్చుటయందు తన జీవితమునకు అర్థము వెదకికొన్నదన్న సంగతి మనము మరువరాదు.

నెల్లూరు జిల్లా సంగతియు మీరెరుగుదురు. 1992లో దూబగుంట గ్రామమున అక్షరములు నేర్చుకొనుటకై కూడిన స్త్రీలు ఒకరి కష్టము నొకరు చెప్పుకొనగా, అందరి కష్టమును ఒక్కటేయని తేలినది: మగవారి కూలి సారాకు పోవుచున్నది, పిల్లల కడుపులు మాడుచున్నవి. ఒక్కతెగా నున్నప్పుడు ఇది నా కర్మ యనుకొన్న తల్లి, నలుగురిలో చెప్పుకొన్నప్పుడు ఇది మన యూరి సమస్య యని గ్రహించెను. ఆ గ్రామమున మొదలైన ఉద్యమమువలన 1993 అక్టోబరు 1 నాటినుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. తల్లులు కూడిన చోట చాడీలే పుట్టునను మాటకు ఇంతకంటె సమాధానమేల?

ఇక మనము చేయవలసినదేమి? ఇది ధనముతో కూడిన పని కాదు. వారమునకో పక్షమునకో ఒకమారు, ఒక గంటసేపు, చంటిబిడ్డల తల్లులును గర్భిణులును కూర్చుండుటకు ఒక తావు చూపవలెను. 1975లో ప్రారంభమైన పథకము క్రింద వెలసిన అంగన్‌వాడీలు నేడు దాదాపు ప్రతి యూరను కలవు. అచ్చటి కార్యకర్తయు, ఆశా కార్యకర్తయు తల్లులనందరిని పేరుపేరున ఎరుగుదురు. గ్రామపెద్దలు ఒక్కమాట చెప్పినచో వారు సంతోషముతో పిలుచుకొనివత్తురు. కూలికి పోవు తల్లులకు పగలు తీరిక యుండదు గనుక, వారికి వీలైన వేళనే అందరికి వేళగా పెట్టవలెను. కూటమును నడపుటకు చదువుకొన్న యామెకంటె, రెండుమూడేండ్ల బిడ్డ గలిగి, ఓర్పుతో వినగల తల్లి మేలు.

ఎవరిని పిలువవలెనన్న విషయమున మిక్కిలి జాగ్రత్త కావలెను. మన పేరంటములకు హద్దులు కలవు. అవి ముత్తైదువలకు, బంధువులకు, మన కులమువారికి. ఈ కూటమునకు ఆ హద్దులు పనికిరావు. భర్తను పోగొట్టుకొని ఒడిలో పసిబిడ్డతో మిగిలిన పిల్ల, మూడవసారియు ఆడపిల్లను కన్నదని ఇంట మాటలు పడుచున్న తల్లి, అవయవలోపముగల బిడ్డ తల్లి, పొరుగు జిల్లానుండి ఇటుకబట్టీ పనికి వచ్చి ఊరివెలుపల గుడిసెలో నున్న తల్లి, వీరే మొదట రావలసినవారు. కన్నబిడ్డ దక్కని తల్లిని శుభకార్యములకు పిలుచుటకు మనము జంకుదుము. ఆమె ఎదుట బిడ్డల ముచ్చట లాడరాదని మన మంచితనమే ఆమెను ఒంటరిని చేయుచున్నది. ఆమెను బలవంతపెట్టరాదు, మరచిపోనురాదు. ఆమె యింటికి ఒక తోటితల్లి పోయి, ఏమియు బోధింపక, చెంత కూర్చుండి చేయి పట్టుకొన్నను అది గొప్ప ఉపకారము.

కూటమునకు రెండు కట్టుబాట్లు చాలును. అచ్చట చెప్పుకొన్న ఇంటి సంగతి గడప దాటరాదు. ఒక బిడ్డను మరియొక బిడ్డతో పోల్చి, నీ బిడ్డ ఇంకను నడువలేదా, పలుకలేదా యని ఎవరిని నొప్పింపరాదు. ఈ రెండును నిలిచినచో నమ్మకము నిలుచును.

ఇంటివారు చేయవలసినది కూడ కొంచెమే. కోడలు తిరిగి వచ్చువరకు పొయ్యిమీది పాలు అత్తగారు చూచుకొనవచ్చును. పెద్దబిడ్డను తాతగారు ఎత్తుకొనవచ్చును. ఆలస్యమైనదేమని అడుగుటకు మారుగా, "అందరు కులాసాయా?" అని అడిగినచో, ఆ ఒక్కమాటతో కోడలి మనస్సు మీవైపునకు తిరుగును. కోడలికి స్నేహితురాలు దొరకినచో అత్తమామలకు విలువ తగ్గునని శంకింపవలదు. మనస్సు తేలికపడిన పిల్ల ఇంటివారితోను నవ్వుచు మాటలాడును. భారము దించుకొనుటకు చోటు లేనిదే ఇంటిలో విసుగుకొనును.

ఒక్క హెచ్చరిక. తోటితల్లి తోడు వైద్యమునకు సాయమే గాని వైద్యమునకు బదులు కాదు. బాలింతకు రక్తస్రావము హెచ్చినను, జ్వరము వచ్చినను, మూర్ఛ వచ్చినను, బిడ్డ పాలు త్రాగుట మానినను, ఒళ్లు చల్లబడినను, ఎగశ్వాస పెట్టినను, కూటములో మాటలాడుచు కూర్చుండరాదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. చనిపోవలెనన్న మాటగాని, బిడ్డను ఏమి చేసికొందునో యన్న భయముగాని తల్లి నోట వచ్చినచో, దానిని కోపపు మాటగా త్రోసివేయరాదు. ఆమెను ఒంటరిగా విడువక వైద్యునికడకు తీసికొనిపోవలెను. మనోవ్యాధులకు సలహా చెప్పుటకై ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలీమానస్ అను సేవ కలదు; 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఫోను చేయవచ్చును; తెలుగులో మాటలాడువారు దొరకుదురు. ఇట్టి మాట మొదట వినునది తరచుగా తోటితల్లియే గనుక, కూటములోని ప్రతి తల్లికిని ఈ సంగతులు తెలిసియుండవలెను.

పెద్దలారా! ఊరికి చెరువు త్రవ్వించినవారిని, చెట్టు నాటించినవారిని, సత్రము కట్టించినవారిని మనము తరతరములు తలచుకొందుము. వానికి ధనము కావలెను, భూమి కావలెను. నేను కోరు ధర్మమునకు అవియేమియు అక్కరలేదు. మీ యింట చంటిబిడ్డ తల్లి యున్నచో, "అమ్మాయీ, ఆ వీధిచివర పిల్లకును మొన్ననే కాన్పైనదట; ఒకమారు పోయి పలుకరించి రా, బిడ్డను నేను చూచుకొందును" అని రేపటి దినమున చెప్పుడు. వారమునకొక గంట అంగన్‌వాడీలో చాప పరపించుడు. మిగిలిన పని ఆ తల్లులే చేసికొందురు.